పిల్లలు వెళ్లే హాస్టల్, క్యాంపు, ఆటల శిక్షణలో వేధింపులు: ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి

ఇది ఎవరి కోసం?

మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ సంక్షేమ హాస్టల్‌లో, గురుకులంలో, కస్తూర్బా విద్యాలయంలో చదువుతున్నా, కిశోర బాలికల సంఘం, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, స్కౌట్స్, ఆటల కోచింగ్ లాంటివాటికి వెళ్తున్నా ఈ సమాచారం మీ కోసమే. 18 ఏళ్లు దాటి మీరే స్కిల్ ట్రైనింగ్‌లో ఉంటే, మీకు వర్తించే చట్టం గురించి చివర్లో ఉంది.

ముందుగా అందరికీ ఉండే భయం గురించి. "కంప్లైంట్ ఇస్తే హాస్టల్ సీటు పోతుందా? స్కాలర్‌షిప్ ఆపేస్తారా?" పోదు, ఆపరు. ఫిర్యాదు చేసిన కుటుంబానికి పథకం ఆపాలని ఏ నిబంధనలోనూ లేదు. ఆ సీటు వార్డెన్ దయతో వచ్చింది కాదు, మీ పిల్లల అర్హతను బట్టి వచ్చింది. "బయట చెప్తే పేరు తీసేస్తా" అని ఎవరైనా అంటే అది బెదిరింపు. ఆ మాటను కూడా ఫిర్యాదులో రాయించండి.

వేధింపు ఎలా మొదలవుతుంది?

చాలామంది అనుకునేట్టు ఒక్కసారిగా చెయ్యి వేయడంతో మొదలవ్వదు. మంచితనంతో మొదలవుతుంది. అందుకే బడిలో చెప్పే గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పాఠం ఒక్కటే సరిపోదు. తాకకముందే చాలా జరిగిపోయి ఉంటుంది.

హర్యానాలోని పంచకులలో 1990లో జరిగింది చూడండి. టెన్నిస్ ఆడే 14 ఏళ్ల అమ్మాయి. ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు ఐజీ హోదాలో ఉన్న పోలీసు అధికారి. ఆయనే ఇంటికి వచ్చి, మీ పాపకి స్పెషల్ కోచింగ్ ఇప్పిస్తాను, రేపు నా ఆఫీసుకి పంపండి అని తండ్రితో చెప్పాడు. మర్నాడు అమ్మాయి స్నేహితురాల్ని తోడు తీసుకుని వెళ్లింది. కోచ్‌ని పిలుచుకురా అని స్నేహితురాల్ని బయటికి పంపి, అమ్మాయి ఒంటరిగా ఉన్నప్పుడు అసభ్యంగా ప్రవర్తించాడు. కేసు పెట్టాలని శాఖ విచారణలో ఆ ఏడాదే తేలినా, ఎఫ్‌ఐఆర్ నమోదైంది 1999 డిసెంబర్‌లో. ఈలోగా అమ్మాయిని బడి నుంచి తీసేశారు, సోదరుడి మీద దొంగతనం కేసులు పెట్టారు. 1993లో ఆ పాప ప్రాణం తీసుకుంది. స్నేహితురాలు, ఆమె తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు కాబట్టే 2009 డిసెంబర్‌లో కోర్టు ఆయన్ని దోషి అంది.

ఇందులో రెండు గుర్తులున్నాయి. ఒకటి, మీ పిల్లకే ప్రత్యేకంగా ఏదో ఇస్తాననడం: సెలెక్షన్, సర్టిఫికెట్, స్పెషల్ క్లాసు. రెండోది, తోడున్నవాళ్లని ఏదో పని మీద పక్కకి పంపడం. మన ఊళ్లలోనూ అచ్చం ఇలాగే ఉంటుంది. ఒక్కరికే సెల్‌ఫోన్ రీఛార్జ్ చేయించడం, రాత్రిపూట వాట్సాప్‌లో "తిన్నావా బంగారం" అని అడగడం, ఇంట్లో చెప్పొద్దు అనడం, రూముకి రమ్మనడం, టోర్నమెంట్‌కి తీసుకెళ్లి ఒకే గదిలో పడుకోబెట్టడం. మంచి సార్ ఎవరైనా అందరికీ కనపడేలా సాయం చేస్తాడు. దాచిపెట్టమన్నాడంటే అనుమానించాల్సిందే.

చేసేది ఎప్పుడూ మగ టీచరే అనుకోవద్దు. సీనియర్లు, వంట మనుషులు, వ్యాన్ డ్రైవర్లు, మేడమ్‌లు కూడా ఉండొచ్చు. అలాగే "మగపిల్లాడికేం అవుతుందిలే" అనుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. పోక్సో చట్టం అబ్బాయిలకీ అంతే వర్తిస్తుంది.

లైంగిక వేధింపే కాదు. కొట్టడం, ఎండలో నిలబెట్టడం, అన్నం పెట్టకపోవడం, కులం పేరుతో తిట్టడం, సొంత ఇంటి పనులు చేయించుకోవడం, సీనియర్ల ర్యాగింగ్, ఇవేవీ "క్రమశిక్షణ" కిందికి రావు. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవాళ్లు పిల్లల్ని హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంది.

పిల్లల్లో ఏం గమనించాలి?

సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల తిరిగి వెళ్లే రోజు దగ్గరపడేకొద్దీ కడుపునొప్పి అనడం. ఇష్టమైన ఆట ఒక్కసారిగా మానేస్తాననడం. ఫలానా సార్ పేరెత్తగానే మాట మార్చడం. మీరు కొనివ్వని ఫోనో, వాచీనో కనపడడం. చిన్నపిల్లలైతే మళ్లీ పక్క తడపడం. వీటికి వేరే కారణాలూ ఉండొచ్చు, కాబట్టి వెంటనే ఎవరి మీదా కేకలు వేయకండి. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. "అక్కడ నీకు ఎవరంటే భయం?" అని అడిగితే, "ఏమైంది చెప్పు, చెప్పు" అని నిలదీసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. చెప్పాక "నువ్వెందుకు వెళ్లావ్?" అన్న మాట నోట రానివ్వకండి. అదొక్కటి అంటే పిల్ల మళ్లీ నోరు విప్పదు.

తెలిశాక ఏం చేయాలి?

నేరుగా వెళ్లి ఆ మనిషితో గొడవపడొద్దు. జాగ్రత్తపడి ఫోన్లో ఉన్నవన్నీ తీసేస్తాడు. మెసేజ్‌లు, కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఒంటి మీద దాడి జరిగితే బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా వైద్యం చేయాలి, డబ్బు అడగకూడదు. అమ్మాయిని పరీక్షించాల్సింది మహిళా డాక్టరే.

18 ఏళ్ల లోపు పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 112. ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు, మా పరిధి కాదని వెనక్కి పంపకూడదు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. వాళ్లే రాసుకుని, మీకు చదివి వినిపించి, నంబరు వేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. బాధ్యత గల స్థానంలో ఉన్నవాళ్లు నేరం చేస్తే శిక్ష ఎక్కువ. లైంగిక ఉద్దేశంతో తాకితే మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు. అదే విద్యాసంస్థ సిబ్బంది చేస్తే 5 నుంచి 7 ఏళ్లు.

పిల్లని స్టేషన్‌కి తీసుకెళ్లాల్సిన పని లేదు. ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో వాంగ్మూలం తీసుకుంటారు. వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయి మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. పిల్ల పేరు, ఊరు, ఫొటో పేపర్లో, టీవీలో రాకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కేసు నడిచినంతకాలం తోడుండే ఒక సహాయకుణ్ని ఆ కమిటీ ఇవ్వగలదు. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి అత్యవసర ఖర్చులకి డబ్బు కూడా సిఫార్సు చేయగలదు. ఇది చాలామందికి తెలియదు, అడగండి.

హెడ్‌మాస్టర్ గానీ వార్డెన్ గానీ తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే అది వాళ్ల మీద నేరం. తన కింద పనిచేసేవాడి సంగతి దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. నిజాయితీగా చెప్పినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ ఉండదు.

"పెద్దల్లో పెట్టి సర్దుకుందాం" అంటే?

ఇక్కడే ఎక్కువ కేసులు ఆగిపోతాయి. పరువు, పిల్ల పెళ్లి అని చెప్పి కొంత డబ్బు ముట్టజెప్తారు. పోక్సో కేసుకి రాజీ అన్నది చట్టంలో లేదు. రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ టీచర్ మైనర్ విద్యార్థినిని అసభ్యంగా తాకిన కేసులో, పొరపాటుగా ఫిర్యాదు చేశామని స్టాంపు పేపరు మీద కుటుంబం చేత రాయించుకున్నారు. హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ రాజీ చెల్లదని చెప్పి కేసు నడపమంది. అందుకే ఎవరు తెచ్చినా అలాంటి కాగితం మీద వేలిముద్ర వేయొద్దు.

భయపడి పిల్లని చడీచప్పుడు లేకుండా మాన్పించేయకండి. 75 శాతం హాజరు అడిగే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. వేరే హాస్టల్‌కి మార్చమని సంక్షేమ శాఖ జిల్లా అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. పిల్ల దిగాలుగా ఉన్నా, చనిపోతానంటున్నా ఆలస్యం చేయకుండా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి.

18 దాటిన అమ్మాయిలకి

స్కిల్ ట్రైనింగ్, అప్రెంటిస్, వాలంటీర్ పని, ఆటల స్టేడియం, ఇవన్నీ 2013 చట్టం ప్రకారం "పని ప్రదేశం" కిందికే వస్తాయి. జీతం లేకపోయినా మీకు హక్కుంది. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వండి. జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి. గట్టి కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. పోలీసు కేసు పెట్టడానికి ఈ గడువు అడ్డు కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181. ఫొటోలతో బెదిరిస్తే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పండి.

లాయరు ఖర్చు గురించి ఆగిపోవద్దు. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫోన్ 15100. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, పిల్ల వయసు తెలిపే బర్త్ సర్టిఫికెట్ లేదా స్కూల్ సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచి జిరాక్సులు ఇవ్వండి.