నేల క్రింద అక్షరమే దిక్కు

పల్లెటూరి మనిషికి దారి తెలిపేవి చాలా ఉన్నవి. ప్రొద్దు పొడిచిన వైపు తూర్పు. కొండ ఇటుంటే ఊరు అటు. చింతమాను దాటితే చెరువుకట్ట. ఏదీ తోచనప్పుడు ఎదురు వచ్చిన మనిషి ఉండనే ఉన్నాడు. కాని నేల క్రింద కట్టిన రైలుస్టేషనులో ఈ ఆనవాళ్ళేవీ లేవు. నాలుగు ప్రక్కలా ఒకే తీరు గోడలు, ఒకే తీరు వెలుగు. ఎదురు వచ్చేవాడు ఆగడు. అక్కడ మిగిలే ఆధారము ఒక్కటే, గోడమీది అక్షరము.

భూగర్భ రైలు 1863లో లండనులో మొదలయి, 1984లో కలకత్తాకు వచ్చినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవారికి అది బెంగుళూరులో ఎదురవుతున్నది. వైద్యానికి, చదువుకు, కూలికి, వ్యాపారానికి మనవారు వెళ్ళే నగరము అదే. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను పట్టణానికి దూరము. అందుచేత ఆ రెండు ఊళ్ళవారు ఎక్కువగా బస్సులోను, కుప్పంవారు రైలులోను పోతారు. బస్సు దిగినా, రైలు దిగినా చాలామంది చేరేది మెజెస్టిక్ ప్రాంతానికే. ఒకనాటి ధర్మాంబుధి చెరువు గర్భములో ఈనాడు బస్సుల నిలయము ఉన్నది. అక్కడనే నేల క్రింద మెట్రో స్టేషను ఉన్నది. 1537లో బెంగుళూరు కోటపేటలను నిర్మించిన కెంపేగౌడ పేరు దానికి పెట్టినారు. తూర్పు పడమరల మార్గము 2016లోను, ఉత్తర దక్షిణాల మార్గము 2017లోను అక్కడికి చేరి, వేర్వేరు లోతులలో ఒకదానినొకటి దాటుతున్నవి.

క్రొత్తవారికి మొదటి చిక్కు పేర్లతోనే. ‘నాడప్రభు కెంపేగౌడ’ స్టేషను ఒకటి, దాని ప్రక్కదే ‘క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ’ స్టేషను. మొదటిది బస్సు దిగినవారికి, రెండవది రైలు దిగినవారికి దగ్గర. రాయణ్ణ ఆంగ్లేయులతో పోరాడి 1831లో ఉరికంబమెక్కిన వీరుడు. ఇద్దరి కథలు తెలిసినవాడు రెండు పేర్లను కలగాపులగము చేసికొనడు.

రెండవ చిక్కు దిశ. గోడమీది బాణము ప్రక్కన మనము దిగవలసిన ఊరి పేరు ఉండకపోవచ్చును; ఆ మార్గములో కొట్టకొసనున్న స్టేషను పేరు ఉంటుంది. తూర్పుకు వైట్‌ఫీల్డ్, పడమరకు చల్లఘట్ట, ఉత్తరానికి మాదావర, దక్షిణానికి సిల్క్ ఇన్‌స్టిట్యూట్. ఇది మనకు క్రొత్త గాదు. మదనపల్లె అని బోర్డు పెట్టుకొన్న బస్సెక్కి నడుమ పల్లెలలో దిగేవారు ఎందరు లేరు? మార్గము మారడానికి గేటు దాటి బయటికి పోనక్కరలేదు, లోపలనే మెట్లున్నవి. బయటికి పోయే ద్వారాలు మాత్రము ఒకటికి మించి ఉన్నవి కనుక, ఎటు తేలవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.

మూడవ చిక్కు లిపి. 2017లో చెలరేగిన వివాదము తరువాత హిందీ తొలగి, బోర్డులమీద కన్నడము, ఇంగ్లీషు నిలిచినవి. తెలుగు మాత్రమే చదివిన పెద్దవారు తమను అక్కడ నిరక్షరులుగా భావించుకొంటారు. నిజానికి వారు నిరక్షరులు కారు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు తీరు వేరు. క, త, శ వంటి కొన్ని అక్షరాల రూపము వేరు. దీర్ఘపు గుర్తు కొన్నిచోట్ల అక్షరము తరువాత విడిగా వస్తుంది. తక్కినవి పెక్కు ఇట్టే పోల్చుకొనవచ్చును. మనము విడిచిన వలపలగిలకను వారు నేటికీ వాడుతున్నారు. మార్గ, నిర్గమన అనే మాటలలో అది కనబడుతుంది. నిర్గమన మంటే బయటికి దారి. ఈ ఒక్క గుర్తు తెలియకుంటే ఆ రెండు ముఖ్యమైన మాటలూ చదువుట కష్టము.

మాటలు కూడ మనకు చుట్టాలే. ఊదారంగు మార్గాన్ని వారు ‘నేరళె’ అంటారు; అది మన నేరేడు. పచ్చనిదానిని ‘హసిరు’ అంటారు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి అయినట్లే, మన పసరు అక్కడ హసిరు అయినది. ‘ఎడ’ మన ఎడమయే. ‘బల’ అనే మాట దగ్గర మాత్రము తొట్రుపడతాము. అది శక్తి కాదు, కుడివైపు. మన వేప వారికి బేవు, మన వెన్న వారికి బెణ్ణె. అట్లే మన ‘వల’ వారికి ‘బల’. కాడి కట్టిన రైతుకు వలపటి ఎద్దు కుడిదని, దాపటి ఎద్దు ఎడమదని తెలుసును. ఆ రైతు తన సేద్యపు మాటతోనే నగరములో కుడివైపు తిరుగగలడు.

ఇక పటము. 1933లో లండను ప్రజలకు అందిన హారీ బెక్ పటము దూరాల కొలతలను విడిచి, సూటి గీతలతో స్టేషనుల వరుసను, కూడళ్ళను మాత్రమే చూపినది. లోకములోని మెట్రో పటాలు చాలావరకు ఆ అడుగుజాడలలోనివే. పటముమీద జానెడు దూరము నేలమీద ఎంతయినా కావచ్చును. అందుచేత దానిలో చూడవలసినది కొలత కాదు. రంగు, వరుస, కూడలి.

ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో కుప్పంలోనే విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఆ భాషల చుట్టరికము పండితుల గ్రంథాలకే పరిమితము కారాదు. ఉపాధ్యాయులు ఒక్క మధ్యాహ్నము నల్లబల్లపై రెండు లిపులను ప్రక్కప్రక్కన వ్రాసి చూపితే, పిల్లలు ఆ సాయంత్రమే ఇంటిలో అవ్వకు, తాతకు నేర్పగలరు. ఆసుపత్రికి పోయే ముసలి తల్లి ఆ గోడల నడుమ ఎవరి చేయీ పట్టుకొనకుండ ‘నిర్గమన’ అని చదువుకొని వెలుగులోనికి రాగలదు. చదువు చేయవలసిన పనులలో ఇది చిన్నది కాదు.