చాందా రాజుల సమాధులు

శ్రీరాంపూర్ పాఠశాలలలో భూగోళశాస్త్రం చదువుకొనే విద్యార్థులకు ‘గోండ్వానా’ అనే మాట కొత్తది కాదు. తండ్రులు దిగే గనులలోని బొగ్గు గోండ్వానా శిలలలో పుట్టినదని వారు బడిలో నేర్చుకొంటారు. ఆ గోండులెవరు, వారి రాజులెక్కడ అని అడిగితే మాత్రం సమాధానం అంత సులభంగా రాదు.

1872లో భూగర్భశాస్త్రజ్ఞుడు మెడ్లికాట్ ఈ శిలాశ్రేణికి గోండుల దేశం పేరు పెట్టినాడు. 1885లో స్యూస్ అనే ఆస్ట్రియా పండితుడు ఆ పేరునే ఒక ప్రాచీన మహాఖండానికి ఇచ్చినాడు. పేరు ఈ విధంగా ఆఫ్రికా, దక్షిణ అమెరికాల శాస్త్రగ్రంథాలకు సైతం ఎక్కినది. ఆ దేశాన్ని ఏలిన ప్రభువులు మాత్రం మన చరిత్రపాఠాలలో అరుదుగా కనిపిస్తారు.

వారి సమాధులు చూడదలచినవారు మంచిర్యాలలో రైలెక్కి, కాగజ్‌నగర్, సిర్పూరు దాటి, వార్ధా నదిమీదుగా బల్లార్షా చేరి, ఆ పిమ్మట చంద్రపూరులో దిగవలెను. అదే పూర్వపు చాందా. నేడు మహారాష్ట్రలో ఉన్నది. అయితే దారిలోని రాజురా తాలూకా 1956కు పూర్వం మన ఆదిలాబాదు జిల్లాలోనిదే. అక్కడి నేలలోనూ బొగ్గే.

పట్టణం చుట్టూ గోండు రాజులు కట్టించిన కోటగోడ, దాని ద్వారాలమీద ఏనుగును అణచివేస్తున్న సింహపు రాజచిహ్నం నేటికీ కనిపిస్తవి. అచలేశ్వర ద్వారం సమీపాన ఒక ఆవరణలో రాజవంశీకుల సమాధులున్నవి. గోండులలో మృతులను పూడ్చిపెట్టడం పూర్వాచారం. చాందా ప్రభువుల పేర్ల చివర ‘షా’ అనే బిరుదు ఉండడంచేత, సమాధిమీద గుమ్మటం కనబడడంచేత, కొత్తగా చూచినవారు ఇవి ఏ నవాబుల గోరీలో అని పొరబడడం సహజం.

వీటన్నిటిలో పెద్దది బీర్ షా సమాధి. ఆయన రెండవ వివాహ సందర్భంలో హీరామన్ అనే రాజపుత్రుని చేతిలో హతుడైనాడని ప్రతీతి. ఆ సమాధిమందిరాన్ని కట్టించినది మాత్రం మొదటి భార్య రాణీ హీరాయి! సవతిని తేబోయిన భర్తకు వంశంలో మరెవ్వరికీ లేనంత మందిరం ఆమె ఎందుకు కట్టించినదో రాళ్లు చెప్పవు. అనురాగమే కావచ్చును, పసివాడైన దత్తపుత్రుడు రామ్ షా పేరిట రాజ్యభారం వహించిన స్త్రీకి, సింహాసనపు హక్కును నలుగురి కన్నుల ఎదుట నిలుపుకొనే అవసరమూ ఉండియుండును. రెండవదానిని తోసిపుచ్చడానికి వీలులేదు.

చాందా మహాకాళి ఆలయం కూడా ఆమె కట్టించినదే. చైత్రమాసపు జాతరకు తెలంగాణం నుండి యాత్రికులు తండోపతండాలుగా వెళ్లుతారు. అమ్మవారిని సేవించి వచ్చేవారిలో ఆమె భర్త సమాధిని చూచి వచ్చేవారు బహు తక్కువ.

1751లో నీలకంఠ షా రాజ్యం నాగపూరు రఘోజీ భోంస్లే వశమైనది. రాతికట్టడాలతో చెప్పుకొనే చరిత్ర అంతటితో ఆగినది. ఆదిలాబాదు గూడెములలో ప్రధానులు కీక్రీ వాయిస్తూ పాడే గోండుల వంశగాథలు మాత్రం ఆగలేదు. అవి వినడానికి రైలెక్కవలసిన పని కూడా లేదు.