షిఫ్ట్ అయిపోయినా ఫోన్ డ్యూటీ దిగట్లేదా?

హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ వీకెండ్‌కి జనగామ జిల్లా దేవరుప్పుల వచ్చినా, జేబులో ఫోన్ ఉంటే ఆఫీస్ వెంట వచ్చినట్టే. మెసేజ్ రాకపోయినా ‘వస్తుందేమో’ అన్న టెన్షన్ చాలు, నిద్ర పాడవడానికి. తగ్గని పని ఒత్తిడితో వచ్చే బర్న్‌అవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఐసీడీ-11లో చేర్చింది. జబ్బుగా కాదు, పనికి సంబంధించిన సమస్యగా.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కంపెనీ వర్క్ ప్రొఫైల్ ఉంటే, షిఫ్ట్ అవ్వగానే పాజ్ చేయండి. ఆఫీస్ యాప్స్, వాటి నోటిఫికేషన్లు ఆగిపోతాయి. పర్సనల్ యాప్స్ మామూలుగానే పనిచేస్తాయి. ప్రొఫైల్ లేకపోతే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఫోకస్ మోడ్‌కి షెడ్యూల్ పెట్టుకోండి.

అయితే రాత్రి పదింటికి రిప్లై అడిగే మేనేజర్‌ను ఏ సెట్టింగూ మార్చలేదు. ఆ మాట టీమ్‌లో మాట్లాడుకోవాల్సిందే. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.