వినేదొక చోట, పలికేదొక చోట

ఎత్తైన చోట కూర్చుని, ఒకరి మాట విని అదే క్షణంలో గట్టిగా తిరిగి పలికే రేడియోను రిపీటర్ అంటారు. రాయ్‌పూర్‌లోని పండరీ బట్టల మార్కెట్ లాంటి చోట చేతిలోని ఐదు వాట్ల వాకీటాకీ మాట కాంక్రీటు గోడల మధ్యే చిక్కుకుపోతుంది. దగ్గర్లోని ఎత్తైన మేడ మీద రిపీటర్ ఉంటే అదే మాట మైళ్ల దూరం వెళ్తుంది. కానీ రిపీటర్ విన్న ఫ్రీక్వెన్సీలోనే పలికితే తన గొంతే తన చెవికి అడ్డం. అందుకే వినడానికొకటి, పలకడానికొకటి కేటాయిస్తారు. ఆ రెంటి మధ్య ఎడం ఎంత ఉండాలన్నదే అసలు లెక్క.

రిపీటర్ 25 వాట్లతో పలుకుతూ, అదే సమయంలో 0.2 మైక్రోవోల్టుల సంకేతాన్ని పట్టుకోవాలి. ఈ రెండు శక్తుల మధ్య తేడా కోటి కోట్ల రెట్లకు పైమాటే. పెళ్లిమేళంలో డోలు పక్కన కూర్చుని చీమ నడక చప్పుడు వినమన్నట్టు! పైగా ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీకే పరిమితం కాదు, చుట్టుపక్కలకూ కొంత రొద చిమ్ముతుంది. ఎడం పెరిగేకొద్దీ ఆ రొద పలచబడుతుంది, వడపోత తేలికవుతుంది.

మన దేశంలో అభిరుచి కొద్దీ రేడియో నడిపే హ్యామ్‌లకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా చోటుంది. రెండే మెగాహెర్ట్జ్ కాబట్టి రిపీటర్ ఎడం 0.6తో సరిపెట్టుకోవాలి. 145.0లో విని 145.6లో పలకడమన్నమాట. ఇది నూటికి అర పాలు కూడా లేని తేడా. ఒకే యాంటెన్నాతో ఆ రెంటినీ విడదీసేది డ్యూప్లెక్సర్. అర మీటరు పైచిలుకు ఎత్తున్న లోహపు డబ్బాలు నాలుగో ఆరో వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో డబ్బా మధ్యలో ఒక కడ్డీ. దాన్ని పైకీ కిందికీ జరుపుతూ శ్రుతి చేస్తారు. మే నెలలో రాయ్‌పూర్ 44, 45 డిగ్రీలకు కాగినప్పుడు మామూలు లోహం సాగి శ్రుతి తప్పుతుంది. అందుకే మంచి డబ్బాల్లో వేడికి దాదాపు సాగని ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమాన్ని వాడతారు.

ఎడం చాలినంత మాత్రాన పని అయిపోదు. అదే మేడ మీద 146.2లో పలికే ఇంకో ట్రాన్స్‌మిటర్ పెట్టారనుకుందాం. 145.6 రెట్టింపులోంచి 146.2 తీసేస్తే మిగిలేది 145.0, అంటే రిపీటర్ చెవి ఉన్న చోటే! తుప్పు పట్టిన బోల్టు దగ్గర రెండు సంకేతాలూ కలిసినా ఈ మూడోది పుడుతుంది. ఒకే మేడను పంచుకునే ఫ్రీక్వెన్సీలను సమాన దూరాల్లో పేర్చకూడదన్న నియమం దీనివల్లే వచ్చింది. ప్లానింగ్‌లో ఎక్కువమంది మరిచేదీ ఇదే.

ఇక ఏ వైపుకు తక్కువ ఫ్రీక్వెన్సీ ఇవ్వాలి? బలహీనుడికే ఇవ్వాలి, ఎందుకంటే తక్కువ ఫ్రీక్వెన్సీకి దారిలో నష్టం తక్కువ. జీఎస్ఎం 900 అనే మొబైల్ వ్యవస్థలో ఫోన్ 890–915లో, టవర్ 935–960లో పలుకుతాయి. ఎడం 45 మెగాహెర్ట్జ్. చిన్న బ్యాటరీతో బతికే ఫోన్‌కు ఆ మేలు దక్కడం న్యాయమే.

ఉపగ్రహం విషయంలో బలహీనుడు పైనుంటాడు. శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద వెళ్లిన 42.5 కిలోల హ్యామ్‌శాట్ అందుకు చక్కని ఉదాహరణ. అది 435.25 చుట్టూ విని, 145.9 చుట్టూ పలికేది. నేల మీద మనిషి కావాలంటే వాట్లు పెంచుకోగలడు. ఉపగ్రహానికి సౌరఫలకాలు ఇచ్చిందే గతి. కనుక దిగే దారికి తక్కువ ఫ్రీక్వెన్సీ. ఎడం 289 మెగాహెర్ట్జ్‌కు పైనే కాబట్టి భారీ డబ్బాల అవసరమూ లేదు. అయినా ఒక గండం పొంచి ఉంది. ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర కూడా సన్నగా మోగుతుంది. 145.9కి మూడు రెట్లు 437.7. హ్యామ్‌శాట్ చెవి ఉన్నది 435.25 దగ్గర. రెండున్నర మెగాహెర్ట్జ్ దూరంలో ఆ మోత పక్కకు తప్పుకుంది. 2014 జులైలో మూగబోయే దాకా, తొమ్మిదేళ్లు ఆ ఉపగ్రహం హ్యామ్‌ల మాటలు మోసింది.