రాగిపొట్టు, వేరుశనగ పొర



రొద్దము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములలో రాగిసంగటి యెఱుగనివారును, వేరుశనగ చేను చూడనివారును ఉండరు. వేరుశనగనూనెను మూతలేక యెండ తగులుచోట నెలల తరబడి యుంచిన నది రుచి చెడి వెగటువాసన గొట్టును. దానిని చెఱచినది పురుగు కాదు, బూజు కాదు. మనము పీల్చు ప్రాణవాయువే. ప్రాణమును నిలుపునదే యిట్లు చేయుట వింత గదా!

మన దేహమునందలి ప్రతి జీవకణమును పలుచని కొవ్వుపొర చుట్టియుండును. నూనెకు కలిగిన కీడే దీనికిని కలుగవచ్చును. ప్రాణవాయువు ఆహారమును దహించి శక్తి నిచ్చునపుడు, జత తప్పిన ఎలక్ట్రాను గల అణువులు కొన్ని పుట్టును. ఇవి తమ లోటు తీర్చుకొనుటకై కొవ్వునుండి హైడ్రొజనును లాగికొనును. దోపిడియైన యా కొవ్వు ప్రాణవాయువుతో గూడి తన పొరుగుదానిని దోచును, అది వేఱొకదానిని. గడ్డివామి కంటుకొన్న నిప్పువలె నిది వ్యాపించును.

ఇచ్చట అడ్డుపడునవి ఫినాలు జాతి పదార్థములు. పూర్వము వైద్యులు గాయములు కడిగిన కార్బాలికామ్లమే ఫినాలు, అది విషము. దాని వంశమువారందఱు నట్టివారు కారు. ఆఱు కర్బన పరమాణువుల వలయమును, దానికి తగిలిన ఆక్సిజను హైడ్రొజనుల జంటయు ఆ కుటుంబపు గుర్తు. ఈ పదార్థము తన హైడ్రొజనును తానే దొంగ కిచ్చివేయును. పిదప దాని లోటు వలయమంతటను పంచుకొనబడుటచే నది పొరుగుదానిపై బడదు. గొలుసు అచ్చటనే తెగును. 1922లో కనుగొనబడిన ఇ-విటమిను ఇట్టిదే. అది వేరుశనగనూనెలో సహజముగా నున్నది. కణముల పొరలో కావలి కాయునదియు నదియే.

రాగులలో ఈ జాతి పదార్థములు హెచ్చుగా పైపొట్టునందును, వేరుశనగలో ఎఱ్ఱని పలుచని పొరయందును కలవు. పిండి తెల్లగా కనబడవలెనని జల్లించి, పొరను నలిపి యూదివేసినచో పోవునది యిదియే.

అయినను తినినదంతయు కణములకు చేరునని తలపరాదు. ప్రేవులు కొంచెమే గ్రహించును. ఆ కొంచెము తాను పోరాడుటకంటె, కణముల స్వంత రక్షకములను మేల్కొల్పునని నేడు పలువురు పరిశోధకుల యభిప్రాయము. కావున సీసాలలో అమ్ము మాత్రలకై సొమ్ము వ్యయపఱుపకుడు. ఫిన్లండులో పొగత్రాగు 29 వేలమందికి పైబడిన పురుషులపై జరిగిన పరీక్షాఫలితములు 1994లో వెలువడినవి. ఇ-విటమిను మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సరును తగ్గింపలేదు. ఫినాలు జాతిది కాకున్నను రక్షకమని పేరొందిన బీటా-కెరొటీను మాత్రలు తినినవారిలో అది నూటికి 18 వంతున హెచ్చినది!

ఇంకొక చిక్కు కలదు. రాగిపొట్టులోని టానిను, తేయాకులోని టానిను ఆహారమందలి యినుమును పట్టియుంచి రక్తమునకు చాలినంత చేరనీయవు. గర్భిణులకును పిల్లలకును ఇది చిన్న సంగతి కాదు. దీనికై పొట్టు మాననక్కఱలేదు. సంగటితో తిను ఆకుకూరపప్పును పొయ్యినుండి దించినపిదప నిమ్మరసము పిండుడు. తేనీరు భోజనముతో గాక గంట దాటినపిదప త్రాగుడు. పసిపిల్లల జావకు రాగులను మొలకెత్తించి, ఆరబెట్టి విసరినచో టానిను కొంత తగ్గును.