ట్రాలీ ఎనక లైటు ఎందుకు ఆరిపోతది?

మన గోడపత్రికలో అందరు కవితలు, పొడుపు కథలు రాస్తున్నరు. నేను ట్రాక్టర్ ట్రాలీ గురించి రాస్తున్న. నవ్వకండి. మనలో చాలామంది అమ్మలు దాంట్లనే కూలికి పోతరు.

మా అమ్మ మా పెంట నుంచి పత్తి ఏరవోతది. పొద్దుగాల ట్రాలీ ఎక్కి పోతరు. పత్తి తూకం అయ్యేసరికి చీకటి పడుతది, అప్పుడు తిరిగి వస్తరు. ట్రాలీ సామాన్లు మోసే బండి, మనుషులను ఎక్కించేది కాదు. కాని మా పెంటకు బస్సు రాదు కనుక అదే ఎక్కుతరు. ఎనక ఎర్రలైటు వెలగకపోతే అచ్చంపేట రోడ్డు మీద వచ్చే మోటారు సైకిలాయనకు ట్రాలీ కనిపించదు. లెక్క చేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. రెండు సెకన్లు ఆలస్యంగా చూస్తే 33 మీటర్లు దగ్గరికి వచ్చినట్టే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం పొద్దుగూకిన అరగంట నుంచి, పొద్దు పొడిచే ముందు అరగంట దాకా బండి లైట్లు వెలగాలి. నియమం ఉంటది, బల్బే వెలగదు.

మా చిన్నాయన ట్రాక్టర్ తోలుతడు. సెలవులల్ల ఆయన రిపేరు చేస్తుంటే నేను పక్కన కూసొని టార్చిలైటు పట్టిన. ఆయన ఐదో తరగతి దాకనే చదివిండు. ఆంపియర్ అనడు, రంగు చెప్తడు. "నీలంది కాదు బిడ్డా, ఎర్రది తే" అంటడు. ఆ రంగుల సంగతి తర్వాత నేను సైన్స్ సారును అడిగి తెలుసుకున్న.

ఫీజు అంటే కాలేజీకి కట్టే ఫీజు కాదు. కావాలని బలహీనంగా చేసిన చిన్న తీగముక్కను ఫీజు అంటరు. కరెంటు ఎక్కువ పారితే తీగలు వేడెక్కుతయి. అన్నిటికంటే ముందు ఫీజు కరిగి తెగిపోతది, దాంతోని కరెంటు ఆగుతది, తక్కిన తీగలు బతుకుతయి. 1890లో ఎడిసన్ ఫీజుకు పేటెంటు తీసుకున్నడు. ఇప్పటి బండ్లల్ల ఉండేది రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫీజు. లేత గోధుమరంగుది 5 ఆంపియర్లు, ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20, ఆకుపచ్చది 30. ఏ దేశంలోనైనా ఈ రంగులు ఇవే. అమెరికాలో కారు ఎనక ఇల్లు లాంటి ట్రాలీ కట్టుకొని ఊర్లు తిరుగుతరు, దాన్ని క్యాంపర్ అంటరు. దాంట్ల కూడ 12 వోల్టుల బ్యాటరీ, ఇవే రంగుల ఫీజులు ఉంటయి.

ట్రాలీకి ఎంత కావాలి? బ్రేకు బల్బు 21 వాట్లు, టెయిల్ బల్బు 5 వాట్లు. అటొకటి ఇటొకటి కలిపితే మొత్తం 52 వాట్లు. 52ను 12 వోల్టులతో భాగిస్తే 4.3 ఆంపియర్లు వస్తది. అందుకే ఎర్ర ఫీజు చాలుతది. ఇంజను లైట్లు కూడ అదే ఫీజు మీద ఉంటే ఇంకొంచెం పెరుగుతది, కనుక ఫీజు డబ్బా మూత మీద ఎంత రాసి ఉంటే అంతే పెట్టాలి.

లైటు పోతే మొదలు ఫీజు మీద పడొద్దు. ఒక్క దిక్కు లైటే పోతే సాధారణంగా బల్బు మాడి ఉంటది. రెండు దిక్కుల పోతే అప్పుడు ఫీజు చూడాలి. అది తెగినట్టు కంటికి తెలుస్తది. మసి పట్టి తెలవకపోతే ఇంకో ఉపాయం ఉన్నది. 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి ఇంజను ఇనుముకు ఆనించాలి. లైటు స్విచ్చి వేసి, రెండో తీగను ఫీజు నెత్తి మీద ఉండే రెండు చుక్కలకు ఒకదాని తర్వాత ఒకటి ఆనించాలి. ఒక చుక్క మీద వెలిగి ఇంకోదాని మీద వెలగకపోతే ఫీజు పోయినట్టు. ఇది 12 వోల్టుల బండికే. మన హాస్టల్ కరెంటు 230 వోల్టులు, దానికి ఈ ఉపాయం చేస్తే ప్రాణం పోతది.

ఫీజు మంచిగనే ఉన్నా లైటు రాకపోతే ఎక్కువసార్లు తప్పు ఎర్తుది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. బ్యాటరీ నుంచి బల్బుకు పోయిన కరెంటు మల్ల బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజనుకు, ట్రాలీకి నడుమ ఏడు పిన్నుల సాకెట్టు ఉంటది. దాంట్ల ఒక పిన్ను ఈ తిరిగొచ్చే దారి కోసమే. ఆ పిన్నుకు మట్టి పట్టినా, ట్రాలీ ఇనుముకు ఎర్తు తీగ బిగించిన బోల్టు తుప్పు పట్టినా ఆ దారి మూసుకపోతది. అప్పుడు కరెంటు ఇంజనుకు ట్రాలీని తగిలించిన హుక్కు పిన్ను మీది నుంచి పోతది. అందుకే గుంతల ఎగిరినప్పుడల్ల లైటు వచ్చి పోయి, వచ్చి పోయి చేస్తది. బ్రేకు తొక్కితే సిగ్నల్ లైట్లు కూడ మసకగ వెలిగినయంటే అది ఎర్తు తప్పే. ఇంజను ఆపి, సాకెట్టు పీకి, పిన్నులు తుడిచి, బోల్టు కింద గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాక రుద్ది బిగిస్తే సరి. పైసా ఖర్చు లేదు.

కొత్త ఫీజు పెట్టంగనే మల్ల పోతే ఎక్కడనో తీగ తోలు లేచి ఇనుముకు తగులుతున్నది. ఎలుకలు కొరుకుతయి, డబ్బా అంచుకు రాసుకుంటది. అది వెతికి టేపు చుట్టాలి. కొందరు వెతకరు. ఫీజు జాగల రాగితీగ చుట్టుతరు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కుక్కుతరు. లైటు వెలుగుతది, మెచ్చుకుంటరు కూడ. కాని ఇప్పుడు కరిగే బలహీనమైన ముక్క లేదు. తీగంత ఎర్రగ కాలుతది. 12 వోల్టులు మనకు షాకు కొట్టవు, నిజమే. కాని అదే బ్యాటరీ ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు వందల ఆంపియర్లు ఇస్తది. ఆ తీగ మీద పత్తి ఉంటది, పత్తి మీద మనోళ్లు కూసుంటరు. ఈ రాగితీగ పని నాకు అస్సలు నచ్చదు, ఎవరు చేసినా సరే.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు ట్రాక్టర్లు కట్టుకొని పోయేటోళ్లు ఉన్నరు. తాటిపత్రి కప్పి, చాప పరిచి, రాత్రి ట్రాలీలోనే పంటరు. మన క్యాంపర్ అదే. లోపల వెలుతురుకు, సెల్లు చార్జింగుకు బ్యాటరీ నుంచి నేరుగా తీగ గుంజుతరు. గుంజితే గుంజండి గాని, బ్యాటరీ పక్కననే 5 ఆంపియర్ల ఫీజు పెట్టించండి. దూరం పెడితే లాభం లేదు, ఫీజుకు ముందున్న తీగకు కాపలా ఉండదు.

ఇంక జాకీ. టైరు పంచరైతే ట్రాలీని లేపేది. దాంట్ల నూనె ఉంటది. చిన్న గొట్టంలో నొక్కిన ఒత్తిడి పెద్ద గొట్టంలో కూడ అంతే ఉంటది, ఇది పాస్కల్ సూత్రం. పెద్ద గొట్టం వైశాల్యం 16 రెట్లు ఉంటే బలం 16 రెట్లు వస్తది, కాని ఒక్క సెంటీమీటరు లేవాలంటే చిన్నదాన్ని 16 సెంటీమీటర్లు నొక్కాలి. ఊరికే ఏదీ రాదు. కొట్టినా లేవకపోతే ముందు కింది మర మూసి ఉన్నదా చూడాలి. లేచి మెల్లగ దిగిపోతే మర వదులైంది, లేదా లోపలి వాషర్ అరిగింది. స్పంజి లెక్క మెత్తగ ఉంటే నూనె తక్కువైంది, లేకుంటే గాలి చేరింది. జాకీని పండబెట్టి వాడొద్దు, నిలబెట్టాలి. రేగడి మట్టిలో అది భూమిలకు దిగుతది, కింద మందమైన చెక్క వెయ్యాలి. జాకీని డబ్బా కింద కాదు, ఇరుసు కింద పెట్టాలి. తక్కిన టైర్లకు ముందు ఎనక రాళ్లు పెట్టాలి. నట్లు టైరు నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసుకోవాలి. లేపినంక మొద్దు ఆనించేదాక ఎవరు కిందికి దూరొద్దు. మనుషులు ట్రాలీ దిగాలె, పిల్లలు నిద్రపోతున్నా లేపి దించాలె.

ఈ కాగితం కింద దారంతో రెండు ఎర్ర ఫీజులు కట్టిన. ఒకటి మంచిది, ఒకటి పోయింది. కిటికీ దిక్కు పట్టి చూసి ఏది ఏదో చెప్పండి. పీకి తీసుకపోవద్దు, మంచిది చిన్నాయనకు తిరిగి ఇయ్యాలె.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని