ఓడకూ జాతకం ఉంది!

ఉద్యోగవిరమణ చేసి అరకు చేరిన నన్ను పక్కింటి కుర్రవాడు అడిగాడు: "తాతా, నడిసముద్రంలో ఓడకు నూనె యెవరు పోస్తారు?"

"మరో ఓడేరా!" అన్నాను.

విశాఖ రేవులో నేను విడిభాగాల స్టోరుకీపర్ని. నౌకాదళం ఇంధననౌకల్లో 'జ్యోతి' 1996లో రష్యా నుంచీ, 'శక్తి' 2011లో ఇటలీ నుంచీ వచ్చాయి. ఓడకు సర్వీసు రిజిస్టరే జాతకం: యే పంపు యెన్ని గంటలు తిరిగిందో, యే వాల్వు యెప్పుడు మార్చారో అన్నీ అందులోనే. విడిభాగం కావాలంటే మాత్రం పుట్టింటికే కబురు పెట్టాలి. ఒకసారి అరచేతిలో ఇమిడే వాల్వు రాక, కొండంత ఓడ వారాల తరబడి రేవు విడవలేదు. "స్టోరులో లేదండీ" అనడానికి నాకు నోరు రాలేదు.

2023లో అలాంటి నౌకలు అయిదు కట్టే పని విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకే దక్కింది. వాటికి పుట్టిల్లు మన ఊరే. ఇక ఆ కబురు సముద్రం దాటనక్కర్లేదేమో!